వాసెన కట్టిన జాడీ

ఆమదాలవలసలో రైలెక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ శ్రీకాకుళం పట్నం అక్కడికి 13 కిలోమీటర్లు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. మావి మొత్తం ఐదు శాల్తీలు. చక్రాల సూట్‌కేసు, భుజాన తగిలించుకునే సంచీ, దుప్పట్లూ దోమతెరా చుట్టిన మూట, మగ్గూ హ్యాంగర్లూ దండెం తాడూ తాళంకప్పా వేసిన బకెట్టు. ఐదోది మా అత్తగారు తన చేతులతో కట్టిన గోనెసంచీ. అందులో ఎండుగడ్డి పరిచి రెండు జాడీలు నిలబెట్టింది. ఒకదానిలో ఆవకాయ, రెండోదానిలో మాగాయ. పాత పొందూరు తువ్వాలు చింపి రెండింటికీ వాసెన కట్టింది.

ప్లాస్టిక్ డబ్బాల్లో పెడదాం అత్తయ్యా, బరువు తగ్గుతుంది అంటే ఆవిడ వినలేదు.

"మా పెద్దబావ కరగ్‌పూర్ ఎల్లినప్పుడల్లా మాయమ్మ జాడీలోనే ఎట్టి ఇచ్చీది. ఒక్క పాలీ పగల్లేదు" అంది.

ఖరగ్‌పూర్ మా ఇళ్ళలో కరగ్‌పూరే. పిల్లకి అక్కడి ఐఐటీలో సీటొచ్చిందని ఫోన్‌లో చూసి నేను చెప్పగానే, అది ఎంత పెద్ద చదువో అత్తగారికి పట్టలేదు. ఊరి పేరు మాత్రం ఠక్కున పట్టుకుంది. వాళ్ళ పెద్దక్క భర్త అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. రిటైరయ్యే దాకా ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి వెళ్ళేవాడు. "రంగం పోనోళ్ళు ఓడెక్కి పోనారు. మావోళ్ళు రైలెక్కి పోనారు" అనేది ఆవిడ. రంగం అంటే రంగూన్. మా జిల్లాలో పాతవాళ్ళకి ఊరు విడిచి బతకబోవడమంటే ఈ రెండే దారులు.

మా ఆయన ప్లాట్‌ఫాం దాకానే వచ్చాడు. ఉభాల రోజులు, అంటే వరినాట్లు. మడిలో నీరు నిలిచి ఉంది, కూలీలు ఆ రెండు రోజులే వస్తామన్నారు. సామానంతా ఎక్కించి సీటు కింద సర్దాక రెండుసార్లు లెక్కపెట్టాడు. ఐదు అన్నాడు. కిందికి దిగి కిటికీ ఊచ పట్టుకుని మళ్ళీ ఐదు అన్నాడు. పిల్లతో ఇంకేదో చెప్పాలనుకున్నాడు కాబోలు, రైలు కదిలే దాకా ఆ ఊచ వదల్లేదు గానీ నోట మాట రాలేదు.

పిల్ల చేరబోయేది వ్యవసాయ, ఆహార ఇంజనీరింగు. ఊళ్ళో చాలామంది పెదవి విరిచారు. కంప్యూటర్లు కాదా, వ్యవసాయం నేర్చుకోడానికి బెంగాల్ వెళ్ళాలా, మీ మడి లేదా అన్నారు. నేనెవరికీ జవాబు చెప్పలేదు. నాన్న ఎండలో మడి గట్టు మీద ఎన్ని గంటలు నిలబడతాడో చూసి పెరిగిన పిల్ల ఆ చదువు తనంతట తాను కోరుకుంది. నాకది చాలు.

దాన్ని హాస్టల్లో దింపడం ఇది మొదటిసారి కాదు. పదో తరగతి అవగానే ఇంటర్మీడియెట్‌కి పట్నంలో ఒక కార్పొరేట్ కాలేజీలో వేశాం. మన రెండు రాష్ట్రాల్లో ఆ అనుభవం లేని తల్లిదండ్రులు తక్కువ. రేకు ట్రంకుపెట్టె కొన్నాం. మూత మీద రంగుతో పేరూ సెక్షనూ రాయించాం. గేటు దగ్గర సంతకాలు పెట్టాక గది చూడ్డానికి నన్ను పది నిమిషాలు వదిలారు. ఆ తర్వాత రెండేళ్ళు వారానికొకసారి వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాల మాట. దాని వెనక ఇంకో పిల్ల వంతు కోసం నిలబడి ఉండేది, ఆ పిల్ల ఊపిరి కూడా నాకు వినిపించేది. మొదటి నెలలో ఇది ఏడిస్తే, "అందరూ ఉంటున్నారు కదమ్మా, నువ్వొక్కదానివేనా" అన్నాను. ఆ తర్వాత అది నా దగ్గర ఏడవలేదు. పిల్ల సర్దుకుందనుకుని అప్పట్లో సంతోషించాను కూడా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

అందుకే ఈసారి దాని పక్కన తీరిగ్గా ఉండి, గది సర్ది, దానికి కావలసినంత సేపు ఉండి రావాలని నాలుగు రోజులు సెలవు పెట్టాను. అప్పుడు పిల్లను ఎవరి చేతుల్లోనో పెట్టి వచ్చాం. ఇప్పుడు దాని చేతుల్లోనే పెట్టి రావాలి.

సికింద్రాబాదు నుంచి రాత్రంతా నడిచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మా ఊరు దాటాక పగటి బండి అవుతుంది. వంశధార దాటుతుంటే తెల్లగా వెలుగొచ్చింది. ఏట్లో ఎర్రనీరు. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ. నౌపడ ఉప్పుమళ్ళు వానకు నిండిపోయి అద్దాల్లా ఉన్నాయి. ఎండాకాలమైతే తెల్లటి ఉప్పుకుప్పలు వరసగా కనిపిస్తాయి. పలాసలో జీడిపప్పు పొట్లాలు ఎక్కాయి. రెండు పొట్లాలు కొన్నాను, ఒకటి పిల్లకి, ఒకటి దాని గదిలో ఉండబోయే పిల్లకి. ఆ పిల్ల ఎవరో అప్పటికి మాకు తెలియదు.

పలాస దాటాక ఉద్దానం. కిటికీ నిండా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ పలాస దగ్గరే తీరం దాటింది. ఒక్క రాత్రిలో తోటలకు తోటలు నేలకొరిగాయి. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి ఆ రాత్రి పడిపోయింది చెట్లు మాత్రమే కాదు. మా పాఠశాలలో అప్పుడు ఉద్దానం నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఉండేవాడు. తుఫాను తర్వాత వాళ్ళ నాన్న చెన్నైలో తాపీపనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాటిన మొక్కలు ఇప్పుడు ఎదిగి వరసలుగా కనిపిస్తున్నాయి. పిల్లకి చూపించాను. అది ఫోన్ పక్కన పెట్టి, మందస కొండలు వచ్చే దాకా కిటికీలోంచే చూసింది. ఎడమ వైపు మహేంద్రగిరి మబ్బుల్లో నడుం దాకా మునిగి ఉంది.

ఇచ్ఛాపురంతో ఆంధ్ర అయిపోయింది. బోర్డుల మీద అక్షరాలు మారాయి. తెలుగూ ఒడియా లిపులు రెండూ గుండ్రనివే, పరుగెత్తే రైల్లోంచి చూస్తే రెండు క్షణాలు మనవే అనిపించి, చదవబోతే అందవు.

బరంపురంలో బండి ఆగినప్పుడు పిల్లకి వి.వి. గిరి గురించి చెప్పాను. 1894లో ఈ ఊళ్ళో తెలుగు ఇంట పుట్టాడు. రాష్ట్రపతిగా అందరికీ తెలుసు. అంతకన్నా ముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం హింస లేకుండా సమ్మె నడిపి, కంపెనీ దిగివచ్చేలా చేశాడు. ఆ రైల్వే వాళ్ళదే ఖరగ్‌పూర్ వర్క్‌షాపు. "మామ్మ వాళ్ళ బావ పనిచేసిందా?" అంది. అవునన్నాను. అది కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళు అక్కడికి ఎందుకెళ్ళారు, మన దగ్గర రైల్వే లేదా?" అని అడిగింది.

మన రైలు పోతున్న ఈ పట్టాలే కారణం. కటకం నుంచి బెజవాడ దాకా తూర్పు తీరం రైలుమార్గం 1893 నుంచి 1896 లోపు దఫదఫాలుగా తెరిచారు. 1902లో దాని ఉత్తర భాగాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే తీసుకుంది. అలా మన ఊళ్ళ గుమ్మం ముందు వెళ్ళే పట్టాలూ, ఖరగ్‌పూర్‌లోని వర్క్‌షాపూ ఒకే కంపెనీవి అయ్యాయి. వానలు పడని ఏడాది పొలం పెట్టని కూడు అక్కడి కొలిమి పెట్టింది. ఒకడు వెళ్ళి కుదురుకుంటే తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. వెళ్ళిన ప్రతివాడి వెనకా ఇంట్లో ఒక తల్లి వాసెన కట్టి ఉంటుంది. ఇది నేను పిల్లతో అనలేదు.

చిలికా ఆ రోజు బూడిదరంగులో ఉంది. నీళ్ళేవో ఆకాశమేదో విడదీయలేని రంగు. రంభ దాటాక పట్టాలు సరస్సు అంచునే పోతాయి. వలలు కట్టిన వెదురు గడలు నీళ్ళలో వరసగా నిలబడి, వాటి మీద కొంగలు. చలికాలంలోనైతే వేల మైళ్ళ అవతలి నుంచి పక్షులు వస్తాయి, ఆషాఢంలో ఉండవు. పిల్ల అప్పటికి నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. పదిహేడేళ్ళ పిల్ల, కాళ్ళు సీటు దాటి దారిలోకి వచ్చాయి. టీ అమ్మే కుర్రాడు ప్రతిసారీ కాళ్ళు తగలకుండా ఒరిగి వెళ్ళాడు. గంటన్నర నేను కదల్లేదు.

భువనేశ్వర్, కాఠజోడి, కటకం, మహానది. వంతెనలు వచ్చినప్పుడల్లా పెట్టెలో మాటలు ఆగిపోయేవి. భద్రక్ దాటాక అవి వాటంతట అవే ఆగాయి. బాలేశ్వర్‌కి ముందు బహానగా బజార్ అనే చిన్న స్టేషనుంది. 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడ పట్టాల మీద నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. ఈ దారిన బతుకుతెరువుకు వెళ్ళి వచ్చే మామూలు మనుషులే వాళ్ళలో ఎక్కువ. ఎదుటి సీటులో పర్లాకిమిడి నుంచి వస్తున్న పెద్దాయన కిటికీ వైపు తిరిగి చేతులు జోడించాడు. నేనూ జోడించాను. స్టేషను రెప్పపాటులో వెళ్ళిపోయింది. పిల్ల ఏమీ అడగలేదు, దానికి తెలుసు.

సువర్ణరేఖ దాటితే ఇక ఎంతో దూరం లేదు. హిజ్లీ అని బోర్డు కనిపించింది, ఆ తర్వాత ఖరగ్‌పూర్.

ఒకప్పుడు ప్రపంచంలో ఇంతకన్నా పొడుగైన ప్లాట్‌ఫాం లేదు. 1072 మీటర్లకు పైమాట. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి గానీ, ఐదు శాల్తీలతో దిగిన మనిషికి అది ఇప్పటికీ అంతులేని ప్లాట్‌ఫామే. పిల్ల సూట్‌కేసు లాగుతూ ముందు నడిచింది. నేను గోనెసంచీ చంకన పెట్టుకుని వెనక. స్తంభాలు లెక్కపెడదామని మొదలుపెట్టి వదిలేశాను. నడుస్తూ ఉంటే పిల్ల నాకంటే వేగంగా నడుస్తోందని తెలిసింది. మాటిమాటికీ ఆగి వెనక్కి చూస్తోంది. చిన్నప్పుడు అంగట్లో నేను దాని కోసం ఆగినట్టు.

స్టేషను బయట టోటోల వరస. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండిని అక్కడ టోటో అంటారు. వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే, నేను పిల్లతో అన్న తెలుగు మాట విని బండివాడు చటుక్కున తలెత్తాడు.

"తెలుగోళ్ళా అమ్మా? ఏ ఊరు?"

చెప్పాను. "మాది టెక్కలి కాడ. అంటే మా తాతది. నేనిక్కడే పుట్నాను" అన్నాడు. సామానంతా తనే ఎక్కించాడు, గోనెసంచీ మాత్రం నా ఒళ్ళో పెట్టాడు. "పచ్చడి కదా" అన్నాడు. ఎలా తెలిసిందని అడగలేదు. ఆ కంపు కాదు, ఆ కట్టుడే చెప్పేస్తుంది.

ఐఐటీకి వెళ్ళే దారి పొడుగునా అతను తెలుగు, హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతూనే ఉన్నాడు. రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పాడు. మథురాకాటి, నింపురా, గోల్‌బజార్ అవతల. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. దానికి ముఖ్య కారణం ఈ ఊరివాళ్ళే. అతను ఆ విషయం గర్వంగా చెప్పి, తనకు తెలుగు చదవడం మాత్రం రాదన్నాడు. తెలుగు పంతులమ్మను కనుక ఆ మాట నాలో చాలాసేపు ఉండిపోయింది.

ఆ రాత్రి లాడ్జిలో పడుకుని మర్నాడు పొద్దున్నే వెళ్ళాం.

ఇక్కడ హాస్టలు అనరు, హాలు అంటారు. ఒక్కొక్క దానికి ఒక పెద్దమనిషి పేరు. దారిలో సరోజినీ నాయుడు పేరున్న హాలు బోర్డు కనిపించి పిల్లను ఆపాను. ఆమె 1879లో హైదరాబాదులో బెంగాలీ కుటుంబంలో పుట్టింది. పెళ్ళాడింది గోవిందరాజులు నాయుడు అనే తెలుగు డాక్టరుని. పదహారేళ్ళకే చదువుకోసం ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళింది. ఈ పిల్ల కన్నా ఒక ఏడాది చిన్నది అప్పటికి. ఆమెను ఓడ దాకా సాగనంపినవాళ్ళకు ఉత్తరం రావడానికే వారాలు పట్టి ఉంటుంది. మేము పొద్దున లాడ్జి నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి మా ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు.

కాగితాలు చూపించడం, సంతకాలు, తాళంచెవి. ఆ వరసలో గంటలు గడిచాయి గానీ చెప్పుకోవలసినంత లేదు. మా పిల్లకు వచ్చింది ఇద్దరుండే గది. ఇనప మంచాలు రెండు, బల్లలు రెండు, గోడకు అరలు. కిటికీ అవతల వానకు తడిసి నల్లబడిన పెద్ద చెట్టు. అప్పటికే ఒక మంచం దగ్గర ధన్‌బాద్ నుంచి వచ్చిన తల్లీ కూతురూ సామాను విప్పుతున్నారు. వాళ్ళాయన బొగ్గు గనిలో పనిచేస్తాడట. ఆవిడకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం.

మేమిద్దరం కలిసి దోమతెరలు కట్టాం. గోడకు మేకులు కొట్టకూడదు. మంచం కోళ్ళకు కట్టడానికి కర్రలు లేవు. నేను దండెం తాడు తీసి కిటికీ ఊచ నుంచి తలుపు పై గొళ్ళెం దాకా లాగుదామన్నాను, చేతులతో చూపించి. ఆవిడ తల అడ్డంగా ఊపి, అలా కడితే తలుపు మూసుకోదని తలుపు కదిపి చూపించింది. తర్వాత అరల మీది కమ్మీకి తాడు ముడేసి, కిటికీకి తెచ్చి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఒకే తాడు మీద రెండు తెరలూ వేలాడేలా కట్టింది. ఆ ముడి నేనెప్పుడూ చూడలేదు. కొస పట్టి లాగితే చటుక్కున ఊడిపోతుంది, అదే బరువు పడితే బిగుస్తుంది. నాతో రెండుసార్లు వేయించింది. పిల్లలిద్దరూ మంచాల మీద నిలబడి తెర అంచులు పట్టుకున్నారు. అప్పటికి వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఏవేవో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. పలాస జీడిపప్పు పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టాను. వాళ్ళమ్మ ఠేకువాలు నా చేతిలో పెట్టింది, గోధుమపిండీ బెల్లమూ కలిపి నేతిలో వేయించినవి.

అరలో పిల్ల పుస్తకాలూ బట్టలూ సర్దాక ఒక్క జాడీకే చోటు మిగిలింది. ఆవకాయ పెట్టుకుని మాగాయ నాకు తిరిగి ఇచ్చేసింది. "రెండూ ఎందుకమ్మా, పాడవుతుంది. మామ్మకి చెప్పకు" అంది. మంచం కింద పెట్టుకోమన్నాను. "వద్దు" అంది. వద్దు అనడం ఇంటర్ హాస్టల్లో ఉన్న రెండేళ్ళలో దానికి రానే లేదు. ఏది ఇస్తే అది పుచ్చుకునేది. నేను జాడీ మళ్ళీ గడ్డిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం సైకిలు. ఈ క్యాంపస్ 2,100 ఎకరాలు, మా ఊరి ఆయకట్టు ఎంతో నాకు తెలుసు కనుక ఆ అంకె నాకు బాగా అర్థమైంది. ఇక్కడ సైకిలు లేకపోతే క్లాసు నుంచి క్లాసుకి వెళ్ళలేరు. పాత సైకిలు ఒకటి కొని, సీటు దించి, గాలి కొట్టించాం. పిల్ల ఎనిమిదో తరగతి తర్వాత సైకిలెక్కలేదు. వీడియో కాల్‌లో వాళ్ళ నాన్న మడి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, వెనక నారు కట్టలు. ఇది రెండుసార్లు ఒరిగింది. మూడోసారి తొక్కుతూ చెట్ల నీడల్లోకి వెళ్ళిపోయింది. ఫోన్ నా చేతిలో ఖాళీ రోడ్డు చూపిస్తోంది. "ఏదీ, కనబడదే" అంటున్నాడు ఆయన. కాసేపటికి అవతలి మలుపులోంచి వచ్చింది, మొహమంతా చెమట. "వచ్చింది, వచ్చింది" అని ఆయనే ముందు చూసి అరిచాడు.

సాయంత్రం అది తోటిపిల్లలతో ఏదో సమావేశానికి వెళ్తే నేను హిజ్లీ భవనం చూడ్డానికి వెళ్ళాను. ఈ సంస్థ మొదలైంది ఒక నిర్బంధ శిబిరంలో. జైళ్ళు పట్టనంతమంది స్వాతంత్ర్య పోరాట యోధుల్ని పెట్టడానికి 1930లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తెరిచింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ళ దేహాలు తీసుకెళ్ళడానికి సుభాష్ చంద్ర బోస్ ఇక్కడికి వచ్చాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాల్పుల్ని గట్టిగా నిరసించాడు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో మొదటి ఐఐటీని ఆ భవనంలోనే మొదలుపెట్టారు. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు. ఇప్పుడక్కడ నెహ్రూ పేరిట మ్యూజియం ఉంది.

ఆ భవనం బురుజు కింద చాలాసేపు నిలబడ్డాను. ఇక్కడికి పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లులు అప్పుడూ ఉండి ఉంటారు. తెచ్చిన తినుబండారాలు లోపలికి వెళ్ళాయో లేదో. వాన మళ్ళీ మొదలైతే వరండాలోకి జరిగాను. నలుగురు కుర్రాళ్ళు సైకిళ్ళు తోసుకుంటూ వచ్చి అదే వరండాలో తలలు దులుపుకున్నారు. ఒకడు నన్ను చూసి "ఆంటీ, ఫస్ట్ ఇయర్ పేరెంటా?" అని హిందీలో అడిగి, హాలు దాకా గొడుగు పట్టి దింపాడు.

రాత్రి పిల్ల నాతో లాడ్జికి రాలేదు. గదిలోనే పడుకుంటానంది. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చింది. "అమ్మా, అప్పుడు నువ్వు ఫోన్‌లో అన్నావు కదా, నువ్వొక్కదానివేనా అని" అంది హఠాత్తుగా. నా గొంతు ఎండిపోయింది. "దానికి చాలా రోజులు నీ మీద కోపంగా ఉండేది" అంది. నేను తప్పే అన్నాను, తప్పు చేశానన్నాను. ఇంకేదో చెప్పబోతే, "ఇప్పుడు లేదులే" అని నా చేతిలోంచి గొడుగు తీసుకుని, సరిగ్గా తెరిచి మళ్ళీ చేతికిచ్చింది.

మర్నాడు నా బండి రాత్రికి. పిల్లకు పొద్దున్నుంచీ ఏవో పనులు. జాడీ చంకన పెట్టుకుని మథురాకాటికి వెళ్ళాను. అత్తగారి దగ్గర పాత ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటుంది, దాని వెనక బావగారి క్వార్టరు నంబరు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఎర్ర ఇళ్ళ వరసలు, మధ్యలో వేపచెట్లు, కొళాయి దగ్గర బిందెలు. నంబరు దొరికింది. తలుపు తీసింది ఒడియా ఆవిడ. వాళ్ళొచ్చి నాలుగేళ్ళయిందట. క్వార్టరంటే ఉద్యోగం ఉన్నన్నాళ్ళే కదా, గోడ మీద పేరు కూడా మిగలదు. పిల్లల గది లాంటిదే.

వెనక్కి తిరుగుతుంటే ఎదుటి వరస చివర అరుగు మీద కూర్చున్న ముసలావిడ పిలిచింది. "ఎవుల కోసమమ్మా?" ఆ ఒక్క మాటతో మా అత్తగారి ఇంటి వీధిలో ఉన్నట్టయింది. పేరు చెప్పాను. ఆవిడకు తెలియదు. ఆ పేరుతో ముగ్గురు నలుగురు ఉండేవారంది, వర్క్‌షాపులో అందరూ ఉండేవారంది. తనది నరసన్నపేట దగ్గర ఊరట. "అదెలాగుంటాదో నాను సూడనేదు. మా మావగోరి ఊరు." ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్ళయి, చూడని ఊరిని తన ఊరంటోంది. లోపల్నుంచి మనవడు టీ తెచ్చి బెంగాలీలో ఏదో అన్నాడు, ఆవిడ తెలుగులో జవాబిచ్చింది.

"సంచీలో ఏటది?"

మాగాయ అన్నాను. ఇచ్చేస్తానన్నాను. ఆవిడ జాడీ ఒళ్ళో పెట్టుకుని, వాసెన గుడ్డ విప్పకుండా ముందు దాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "పొందూరు బట్ట" అంది. ఎవరు కట్టారని అడిగింది. అత్తగారన్నాను. "నానిప్పనమ్మా. సాయంత్రం మా కోడలొచ్చాక ఇప్పుతాను" అని జాడీ గోడవారన పెట్టింది.

పిల్ల గురించి చెప్పాను. గదిలో ఎవరు, తిండి ఎలా, ఆదివారాలు సెలవేనా అని వరసగా అడిగింది. ఆదివారం చేపలు వండుతామని, పిల్లను పంపమని, ఎలా రావాలో రాసుకోమని పట్టుబట్టింది. ఫోన్‌లో కాదు, కాగితం మీద. టిక్కెట్టు వెనక రాసుకున్నాను, ఆవిడ చెబుతుంటే తెలుగులో. పూరీ గేటు దగ్గర టోటో ఎక్కాలి. మథురాకాటి అనాలి. వేపచెట్లు దాటాక నీళ్ళ కొళాయి, కుడి చేతివైపు చివరి అరుగు. మనవడి పేరు చెప్పి అడిగితే ఎవరైనా చూపిస్తారు.

స్టేషనులో కూర్చుని ఆ కాగితాన్ని ఫొటో తీసి పిల్లకు పంపాను. బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేటప్పుడు జవాబు వచ్చింది.

"సరే అమ్మా. ఈ ఆదివారం కాదు, మేమంతా సైకిళ్ళ మీద ఎక్కడికో వెళ్తున్నాం. పై ఆదివారం వెళ్తాను. ధన్‌బాద్ పిల్లని కూడా తీసుకెళ్ళొచ్చా?"